అప్‌డేట్: స్కూల్లో ఇచ్చే నులిపురుగుల ట్యాబ్లెట్ గురించి అడిగాను కదా

మా పాపకి ఏ ఇబ్బందీ లేదు, అయినా స్కూల్లో నులిపురుగుల ట్యాబ్లెట్ వేస్తామంటున్నారు, వేయించాలా వద్దా అని అడిగాను కదా, రిప్లై ఇచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ. స్కూల్లో ట్యాబ్లెట్ వేసే రోజు, ఫిబ్రవరి 10న పాపకి జ్వరం ఉండటంతో వేయలేదు, ఒంట్లో బాలేని పిల్లలకి ఆ రోజు వేయరంట, మళ్ళీ మిగిలినవాళ్ళ కోసం పెట్టిన మాప్ అప్ డే రోజు వేశారు.

ఈలోపు పీహెచ్‌సీ డాక్టర్ గారిని కలిశా. ఆ ట్యాబ్లెట్‌లో ఉండే మందు ఆల్బెండజోల్ 400 ఎంజీ, ఏడాది నుంచి 19 ఏళ్ళ దాకా అందరికీ ఇస్తారు, రెండేళ్ళ లోపు వాళ్ళకి మాత్రం సగమే. లక్షణాలు లేకపోతే ఎందుకండీ అంటే, పురుగులు తక్కువున్నప్పుడు బయటికేం తెలీదమ్మా, ఒక్కొక్కరికీ టెస్ట్ చేసేకన్నా ట్యాబ్లెట్ వేసేయడమే చవక అన్నారు. నాకు ఈ లాజిక్ నచ్చింది, ఇదేదో స్కూల్ నోటీసులోనే ఒక ముక్క రాస్తే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

మింగించరు, టీచర్ ఎదురుగానే నమిలి తినాలి, తర్వాత నోరు తెరిచి నాలుక చూపించాలంట, మా పాప అదే పెద్ద గొప్పగా ఇంటికొచ్చి యాక్ట్ చేసి చూపించింది 😀 సాయంత్రం కాస్త కడుపు నొప్పంది, రాత్రికి తగ్గిపోయింది. పురుగులు ఎక్కువుంటే వాంతి, కళ్ళు తిరగడం కూడా ఉండొచ్చని డాక్టర్ గారు ముందే చెప్పారు.

మందు లోపలున్న పురుగుల్నే చంపుతుంది, మట్టిలో గుడ్లు అలాగే ఉంటాయి కాబట్టి మళ్ళీ ఆగస్టులో ఇంకో డోసు ఉంటుందంట, అదీ వేయిస్తాం.