బోరు నీళ్ళు మరగకాస్తే ఫ్లోరైడ్ పోతుందా?

కనిగిరి కోడలు:
మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. తాగడానికి ఊళ్ళో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను తెప్పిస్తాం కానీ అన్నం, పప్పు, ఎనిమిది నెలల పాపకి ఉగ్గు, రాగి జావ అన్నీ ఇంటి బోరు నీళ్ళతోనే. మరగకాస్తే ఏ దోషమైనా పోతుందని మా అత్తయ్య అంటారు. పెద్దబాబుకి ఎనిమిదేళ్ళు, కొత్తగా వచ్చిన ముందుపళ్ళ మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలున్నాయి, ఒక పన్ను గోధుమరంగుకి తిరుగుతోంది. పళ్ళ డాక్టరు చూసి ఇది ఫ్లోరైడ్ వల్లే అన్నారు. అప్పట్నుంచి పాప గురించి టెన్షన్‌గా ఉంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పొరకడుతుంది, అది ఫ్లోరైడేనా? ఇంకా ఎంతసేపు కాచాలి?

నీటి ల్యాబు:
నేను నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తానండి. గిన్నె అడుగున కట్టేది సున్నప్పొర, నీళ్ళు గట్టివని గుర్తు, ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్‌కి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు, పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. మరగకాస్తే చచ్చేవి క్రిములు. ఫ్లోరైడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది, పైగా ఆవిరై నీళ్ళు తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో చిక్కబడుతుంది. కాబట్టి ఎక్కువసేపు కాచొద్దు. క్రిముల కోసమైతే నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. క్యాండిల్ ఫిల్టరు, యూవీ మిషను కూడా ఫ్లోరైడ్‌ని ఆపలేవు. సన్నటి పొరలోంచి ఒత్తిడితో నీళ్ళని వడకట్టే ఆర్వో మిషను తీస్తుంది, ఫ్లోరైడ్‌ని పట్టుకునే గుళికలుండే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు తీస్తుంది.

ముందు మీ బోరు నీళ్ళలో ఎంత ఉందో తెలుసుకోండి. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకి ఇవ్వండి. ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద చాలా ఊళ్ళలో ఆడవాళ్ళకి నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పించారు, మీ పంచాయతీలో అడిగి చూడండి. మీ వైపు ఇది కొత్త బాధ కాదు, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో, ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఈ జబ్బుని గుర్తించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే.

నల్గొండ బిడ్డ:
అక్కా, మాది నల్గొండ జిల్లా, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయి, మోకాళ్ళు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళ మధ్యే పెరిగాను. అందుకే గట్టిగా చెప్తున్నా, తాగే నీళ్ళొక్కటి మారిస్తే సరిపోదు, వంట నీళ్ళు కూడా మార్చాలి. అన్నం, పప్పు, జావ పోసిన నీళ్ళన్నీ పీల్చుకుంటాయి, ఆ నీళ్ళలో ఉన్నది కూడా కడుపులోకే పోతుంది. స్నానానికి, గిన్నెలకి బోరు నీళ్ళు వాడుకోండి, ఏం కాదు. మా ఊరికి తెలంగాణ మంచినీళ్ళ పథకం మిషన్ భగీరథలో కృష్ణా నీళ్ళు వచ్చినా కొందరు బోరు నీళ్ళే రుచి అని తాగుతుంటే కడుపు మండిపోతుంది.

పోషకాహారం:
చెల్లీ, పాపకి తల్లిపాలు మానిపించకు. తల్లి తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా పాలలోకి వచ్చేది చాలా తక్కువ, ఈ విషయంలో ప్రకృతి మన పక్షానే ఉంది. డబ్బాపాలు కలపాల్సి వస్తే మాత్రం బోరు నీళ్ళు వద్దే వద్దు. పక్కపళ్ళు, దవడపళ్ళ పింగాణి ఎనిమిదేళ్ళదాకా చిగురు లోపల తయారవుతూనే ఉంటుంది, అందుకే ఈ వయసు లోపు జాగ్రత్త ముఖ్యం. బాబుకి వచ్చిన చారలు మాసిపోవు గానీ డాక్టరు సరిచేయగలరు, వాడిని ఎవరూ ఎగతాళి చేయకుండా చూసుకోండి.

కాల్షియం ఉన్న తిండి కడుపులోనే ఫ్లోరైడ్‌ని కొంత పట్టేసి ఒంటికి పట్టకుండా చేస్తుంది. రాగులు, నువ్వులు, మునగాకు, పాలు, పెరుగు రోజూ ఏదో ఒకటి ఉండాలి. జామకాయ, ఉసిరి, నిమ్మ కూడా పెట్టండి. రాగి జావ మంచిదే, మంచినీళ్ళతో కాచండి. నల్ల ఉప్పు తగ్గించండి, పిల్లలకి టీ అసలు వద్దు, టీ ఆకులో ఫ్లోరైడ్ ఉంటుంది. పేస్టు బఠాణీ గింజంత వేసి, మింగకుండా ఉమ్మించండి.

కనిగిరి కోడలు:
చాలా థ్యాంక్సండీ. అయితే క్యాను నీళ్ళతోనే వండేస్తాను. ఒక్క అనుమానం, ఆ ప్లాంటు నీళ్ళు తాగినా బాబుకి అప్పుడప్పుడూ విరేచనాలు అవుతున్నాయి, మరి అవి కాచాలా?

నీటి ల్యాబు:
కాచండి, పాపకి ఇచ్చేవైతే తప్పకుండా. ఆర్వో మిషనులోంచి శుభ్రంగా వచ్చిన నీళ్ళు క్యాను కడగకపోతేనో, మూత సరిగా లేకపోతేనో, ఇంట్లో చెయ్యి పెట్టి గ్లాసు ముంచితేనో పాడవుతాయి. ట్యాపున్న క్యాను వాడండి. ప్లాంటులో ఫ్లోరైడ్ రిపోర్టు చూపించమని అడగండి, చూపించకపోతే ఆ నీళ్ళు కూడా ఒక సీసా పట్టి బోరు నీళ్ళతోపాటు ల్యాబుకి పంపండి. మిషను లోపలి వడపోత పొర పాతబడితే ఆర్వో కూడా ఫ్లోరైడ్‌ని సరిగా తీయదు.

పోషకాహారం:
విరేచనాలు అయినప్పుడు ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్ళలో కలపాలి, సగం సగం కలపొద్దు, మిగిలింది 24 గంటల తర్వాత పారబోయండి. ఐదేళ్ళలోపు పిల్లలకైతే జింకు మాత్ర విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి, ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. మలంలో రక్తం కనిపించినా, పిల్లాడు మగతగా పడి ఉన్నా, పాప పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.