మైగ్రేన్ మొదలవగానే ఏం చెయ్యాలి? వేసుకున్న బిళ్ళ ఎందుకు పట్టట్లేదు?

కడియం_తోట (ప్రశ్న)

మా ఆవిడకి 34 ఏళ్ళు. నెలకి ఐదారుసార్లు ఎడమ కణత దగ్గర నొప్పి మొదలై కంటి వెనక్కి పాకుతుంది. నాడి కొట్టుకున్నట్టు ఒకటే పోటు. మెట్లెక్కితే పెరుగుతుంది. వెలుతురు పడదు, పోపు వాసన పడదు. సాయంత్రానికి వాంతి అయితే కాస్త నెమ్మదిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు పైత్యం అంటారు. ఒక డాక్టరుగారు సైనస్ అన్నారు, ఇంకొకరు మైగ్రేన్ అన్నారు. స్కాన్‌లో ఏమీ లేదు.

డోలో 650 (పారాసెటమాల్) వేస్తే తగ్గట్లేదు. మందులషాపులో ఎర్గోటమిన్, కెఫీన్, పారాసెటమాల్ కలిసిన బిళ్ళ ఇచ్చారు. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడు వారానికి మూడు దాకా వేసుకుంటోంది, నొప్పి వచ్చే రోజులే పెరిగాయి. నొప్పి మొదలవగానే ఏది, ఎంత, ఎలా వెయ్యాలి? ఈ బిళ్ళ కొనసాగించొచ్చా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

ఫార్మసిస్ట్_బెజవాడ

మీరు రాసినవన్నీ మైగ్రేన్ లక్షణాలేనండి. ఒకవైపు పోటు, కదిలితే పెరగడం, వికారం, వెలుతురు పడకపోవడం. మందు వెయ్యకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా సాగుతుంది.

బిళ్ళ పట్టకపోవడానికి ఎక్కువమందిలో కారణం వేళ. "కాసేపు చూద్దాం, ఎక్కువైతే వేసుకుందాం" అని ఆగుతారు. మైగ్రేన్ మొదలయ్యాక కడుపు కదలిక మందగిస్తుంది. మింగిన బిళ్ళ పేగుల్లోకి దిగక కడుపులోనే ఉండిపోతుంది, రక్తంలోకి ఎక్కదు. వాంతితో అదీ పోతుంది. రెండో కారణం మోతాదు. పెద్దవాళ్ళలో మైగ్రేన్‌కి పారాసెటమాల్ ఒక్కసారికి 1000 మి.గ్రా. కావాలి, 650 సరిపోదు. రోజు మొత్తానికి మాత్రం 3 గ్రాములు దాటించకండి.

అందుకని నొప్పి ఇంకా చిన్నగా ఉన్నప్పుడే, వీలైతే మొదటి అరగంటలో, బిళ్ళ కడుపులో పడాలి. సాధారణంగా డాక్టర్లు రాసేది నాప్రోక్సెన్ అనే నొప్పిబిళ్ళ 500 మి.గ్రా., దానితోపాటే డొంపెరిడోన్ 10 మి.గ్రా. రెండూ కలిసిన బిళ్ళ కూడా దొరుకుతుంది. డొంపెరిడోన్ వాంతి ఆపడానికే అనుకుని, వాంతి రాని రోజు దాన్ని వదిలేస్తుంటారు. కడుపు కదిలించి మొదటి బిళ్ళని కిందికి తోసేది అదే. నాప్రోక్సెన్ పరగడుపున వద్దు, రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తిని వెయ్యాలి. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, గర్భిణులకి అది పనికిరాదు. గుండె లయ తేడా ఉన్నవాళ్ళు డొంపెరిడోన్ ముందు డాక్టరుని అడగాలి.

దానికీ లొంగకపోతే ట్రిప్టాన్లు. సుమాట్రిప్టాన్ 50 మి.గ్రా., లేదా నాలుక మీద కరిగే రిజాట్రిప్టాన్ 10 మి.గ్రా. ఇవి అన్ని నొప్పులకీ పనిచేసే మందులు కావు, మైగ్రేన్ కోసమే తయారైనవి. డాక్టరు చీటీ ఉండాల్సిందే. ఒకటి వేశాక తగ్గి, మళ్ళీ తిరగబెడితే కనీసం 2 గంటల తర్వాత రెండోది వెయ్యొచ్చు. మొదటిదానికి అసలేమీ తగ్గకపోతే అదే పూట రెండోది వేసి లాభం లేదు. నాలుక మీద కరిగేది నోట్లోంచే రక్తంలోకి ఎక్కుతుందని చాలామంది అనుకుంటారు, అదీ కడుపులోకి దిగాకే పనిచేస్తుంది. వాంతులు బాగా అయ్యేవాళ్ళకి ముక్కులో కొట్టే సుమాట్రిప్టాన్ స్ప్రే మేలు. వేసిన కాసేపటికి మెడ, ఛాతీ బిగిసినట్టు ఉండొచ్చు, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు మాత్రం ట్రిప్టాన్ ముట్టకూడదు.

ఒక హెచ్చరిక. వానాకాలంలో జ్వరంతో కలిసి తలనొప్పి వస్తే, అది మైగ్రేన్ అనుకుని నాప్రోక్సెన్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ వెయ్యకండి. డెంగ్యూ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. తేలేవరకు పారాసెటమాల్ ఒక్కటే.

వార్డు_సిస్టర్

పైత్యం మాట గురించి. వాంతి అయ్యాక నొప్పి దిగుతుంది కాబట్టి పైత్యమే కారణం అనుకుంటారు. వికారం పుట్టేది కూడా మెదడులోనే, నొప్పితో పాటే. వేలు పెట్టి వాంతి చేయించడం మంచిది కాదు, మందు పోతుంది, ఒంట్లో నీరు పోతుంది. సైనస్ కూడా అలాంటి పొరపాటే. మైగ్రేన్‌లో ముక్కు దిబ్బడ వేసి కంటి కింద బరువుగా ఉండడం మామూలే. ముక్కులోంచి చిక్కటి పసుపుపచ్చ చీమిడి, జ్వరం లేకుండా నెలనెలా వచ్చిపోయే నొప్పికి యాంటీబయాటిక్ వాడి ప్రయోజనం లేదు.

బిళ్ళ వేశాక చీకటి గదిలో పడుకోబెట్టండి. ఫోన్ ఆ గదిలో వద్దు. ఐసు ముక్కలు చేతిరుమాల్లో చుట్టి మెడ వెనక, కణత మీద 15 నిమిషాలు పెట్టి, కాసేపు తీసి మళ్ళీ పెట్టాలి. ఐసు నేరుగా చర్మానికి తగిలితే చర్మం కములుతుంది. నీళ్ళు ఒక్కసారి గ్లాసెడు తాగిస్తే కక్కేస్తారు, రెండేసి గుక్కలు కొంచెం కొంచెంగా. ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసం, పల్చటి మజ్జిగ, అల్లం వేసి మరిగించిన నీళ్ళు బాగుంటాయి. వికారానికి అల్లం నిజంగా పనిచేస్తుంది.

శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వెయ్యడం మన ఇళ్ళల్లో ఉన్నదే. ఆ మంట నొప్పి మీద నుంచి ధ్యాస మళ్ళిస్తుంది, అంతవరకే. పల్చగా, పది నిమిషాల్లో కడిగెయ్యాలి. కంటి దగ్గరికి కారితే కథ వేరే అవుతుంది. అమృతాంజనం కూడా అంతే, 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టినప్పటి నుంచీ తెలుగిళ్ళలో ఉంది. చల్లదనం కొందరికి హాయిగా ఉంటుంది, వాసన కొందరికి వాంతి తెప్పిస్తుంది. వాసనలు పడని మనిషికి బలవంతంగా రాయకండి.

నొప్పి రాబోతోందని చెప్పే గుర్తులు ఉంటాయి, గమనించండి. ఊరికే ఆవలింతలు, మెడ పట్టెయ్యడం, తీపి మీదికి మనసు పోవడం, చిన్న విషయానికి చిరాకు. కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే కనిపిస్తాయి. చాక్లెట్ తిన్నాక నొప్పి వచ్చిందంటారు, చాలాసార్లు నొప్పి మొదలవబోతుండడం వల్లే చాక్లెట్ తినాలనిపించి ఉంటుంది. కొందరికి కళ్ళ ముందు వంకరటింకర మెరుపుగీతలు 5 నిమిషాల నుంచి గంట దాకా కనిపిస్తాయి. దాన్ని ఆరా అంటారు. ఆరా ఉన్నప్పుడు కాదు, నొప్పి మొదలవగానే ట్రిప్టాన్ వెయ్యాలి. ఆరా వచ్చే ఆడవాళ్ళు ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. గైనకాలజిస్టు దగ్గర ఈ మాట మరవకుండా చెప్పించండి.

ఇంట్లో కూర్చోకూడని తలనొప్పులు కూడా రాస్తాను. క్షణాల్లో పిడుగు పడ్డట్టు తారస్థాయికి వెళ్ళేది. జ్వరం, మెడ వంగకపోవడంతో వచ్చేది. చెయ్యి, కాలు, మాట పడిపోయేది. 50 దాటాక మొదటిసారి వచ్చేది. గర్భంతో ఉన్నప్పుడు, లేదా కాన్పయిన కొద్ది వారాల్లో కొత్తగా వచ్చేది. దగ్గినా పడుకున్నా పెరుగుతూ రోజురోజుకీ ముదిరేది. వీటికి వెంటనే ఆసుపత్రి.

ఫార్మసిస్ట్_బెజవాడ

ఎర్గోటమిన్ బిళ్ళ సంగతి విడిగా రాయాలని ఆగాను. ఇది మీ అసలు సమస్య కావచ్చు.

తలనొప్పి మందే తలనొప్పి తెచ్చే స్థితి ఒకటుంది. ఎర్గోటమిన్, ట్రిప్టాన్లు, కెఫీన్ కలిసిన బిళ్ళలు నెలకి 10 రోజులు, లేదా విడి పారాసెటమాల్, నాప్రోక్సెన్ లాంటివి నెలకి 15 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే మెదడు ఆ మందుకి అలవాటు పడిపోతుంది. మందు ప్రభావం దిగగానే నొప్పి, నొప్పి రాగానే మందు. వారానికి మూడు, రోజుకొకటి చొప్పున అనుకుంటే నెలకి 12 రోజులు, మీ ఆవిడ ఆ గీత దాటేసినట్టే. లెక్క రోజులది, బిళ్ళలది కాదు. ఒకరోజు రెండు వేసినా ఒక్క రోజే.

ఎర్గోటమిన్‌కి రక్తనాళాలు గట్టిగా బిగుసుకుంటాయి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిస్తే వేళ్ళకి రక్తం అందనంతగా బిగుస్తాయి. గొంతునొప్పికి ఆ మందులు రాసే డాక్టరుకి ఈ బిళ్ళ సంగతి తెలియాలి. ఎర్గోటమిన్ వేసిన 24 గంటల్లోపు ట్రిప్టాన్ వద్దు. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఈ బిళ్ళ అసలు వద్దు.

మానేసిన మొదటి రోజుల్లో నొప్పి ఎక్కువవుతుంది. రెండో మూడో రోజు గట్టిగా ఉండి, వారం పదిరోజుల్లో దిగుతుంది. ఇక్కడే చాలామంది ఓడిపోయి మళ్ళీ బిళ్ళ అందుకుంటారు. అందుకే న్యూరాలజిస్టుని ముందే కలిసి, ఆ పదిరోజులకి వేరే మందు రాయించుకుని, ఇంట్లో పని ఇంకొకరు అందుకునేలా చూసుకుని మొదలుపెట్టండి. కాఫీ, టీ రోజుకి రెండు కప్పులకి తగ్గించి రోజూ ఒకే వేళకి తాగాలి, ఒక్కసారిగా మానేస్తే ఆ తలనొప్పి వేరే.

నెలకి నాలుగు రోజులు మించి వస్తుంటే రాకుండా ఆపే మందు రోజూ వాడాలి. మన దగ్గర ఎక్కువగా రాసేవి ప్రొప్రనొలాల్, ఫ్లూనరిజిన్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్. ఫ్లూనరిజిన్ రాత్రి 5 లేదా 10 మి.గ్రా., నిద్రమత్తు, బరువు పెరగడం, దిగులు రావచ్చు. టోపిరమేట్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మాట తట్టదు, నీళ్ళు తక్కువైతే కిడ్నీలో రాళ్ళు. గర్భం ఆలోచన ఉంటే టోపిరమేట్, ఇదే పనికి వాడే వాల్ప్రోయేట్ రెండూ వద్దు. ఏదైనా 6 నుంచి 8 వారాలు వాడితే గానీ తెలియదు. పదిహేను రోజులకే "పనిచెయ్యలేదు" అని మార్చకండి. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టే లెక్క.

కరీంనగర్_డైరీ

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నెలరోజులు రాసుకోండి. గోడ క్యాలెండర్ చాలు. నొప్పి మొదలైన టైము, బిళ్ళ వేసిన టైము, రెండు గంటల తర్వాత ఎలా ఉంది, నెలసరి తేదీలు. మొదటి రెండు టైముల మధ్య ఎంత తేడా ఉందో చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

ఒక్కపొద్దు రోజుల మీద ఒక కన్నేయండి. వ్రతం మానమని కాదు, నాలుగైదు గంటలకోసారి పాలో పండో పడాలి. తలంటు రోజు కూడా చూడండి. పరగడుపున తలంటుకుని, తడిజుట్టుతో ఉండి, పైన సాంబ్రాణి పొగ పట్టిస్తే కొందరికి అదే చాలు. ఆదివారం రెండు గంటలు ఎక్కువ నిద్రపోయినా వస్తుంది.

కడియం_తోట

చాలా థ్యాంక్సండి అందరికీ. ఒకటి చెప్పడం మర్చిపోయాను. తనకి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది, చలికాలంలో ఇన్‌హేలర్ వాడుతుంది. నెలసరికి రెండురోజుల ముందు నొప్పి తప్పకుండా వస్తుంది. దీనివల్ల ఏమైనా మారుతుందా?

ఫార్మసిస్ట్_బెజవాడ

చాలా మారుతుందండి, చెప్పి మంచిపని చేశారు. ఉబ్బసం ఉంటే ప్రొప్రనొలాల్ వద్దు, శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చు. నాప్రోక్సెన్, ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ కొందరు ఉబ్బసం మనుషులకి ఆయాసం తెస్తాయి. ఇదివరకు ఏ నొప్పిబిళ్ళ వేసినా పిల్లికూతలు వచ్చాయా, ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండ) ఉన్నాయా అని అడగండి. ఉంటే, లేదా గుర్తులేకపోతే, నాప్రోక్సెన్ ఇంట్లో మొదలుపెట్టొద్దు. పారాసెటమాల్ 1000, డొంపెరిడోన్ 10తో ఆగి, ట్రిప్టాన్ గురించి డాక్టరుని అడగండి.

నెలసరి ముందు వచ్చేది ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోవడం వల్ల. తేదీ తెలుస్తుంది కాబట్టి రెండురోజుల ముందు నుంచి ఐదారు రోజులు మాత్రమే మందు ఇచ్చే పద్ధతి ఉంది. దానికి ఎక్కువగా వాడేది నాప్రోక్సెనే, అందుకే పిల్లికూతల సంగతి ముందు తేల్చుకోవాలి. చీటీ మీద పైనే "ఉబ్బసం" అని రాయించి, పాత బిళ్ళ అట్ట కూడా వెంట తీసుకెళ్ళండి.