వేసవి సెలవుల్లో పిల్లలకి ఊరా, సమ్మర్ క్యాంపా?

గోదారిగట్టు:
ఈ మధ్య ఎవర్ని కదిపినా ఒకటే మాట, పిల్లల్ని క్యాంపులో వేశాం అని. ఏప్రిల్ 23తో బడి మూసేస్తే మళ్లీ జూన్ 12 దాకా సొంత పిల్లలు ఇంట్లో ఉండటం కూడా బరువైపోయింది జనానికి. మా పిల్లలిద్దరికీ 1999 నుంచి 2006 దాకా ప్రతి వేసవీ తాడేపల్లిగూడెం పక్కన మా ఊళ్లోనే గడిచింది. మే నెలలో పొద్దున్నే ఆరింటికి వాళ్లని కాలువకి తీసుకెళ్లేవాణ్ణి, నీళ్లలో దిగితే ఇక పైకి రమ్మన్నా వచ్చేవాళ్లు కాదు. ఇంటికొచ్చేసరికి చద్దన్నం, కొత్తావకాయ. మధ్యాహ్నం ముంజలు. తిన్నాక ఆ బుర్రలు రెండింటికి మధ్యలో పుల్ల గుచ్చి బండి చేసిస్తే, పంగల కర్రతో తోసుకుంటూ వీధి వీధంతా తిరిగేవాళ్లు. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, వేడి దిగాక పడకలు. మా వాడు చుక్కలు లెక్కపెడుతూ నలభై దాటకుండానే నిద్రపోయేవాడు. వేలు పోసి క్యాంపులో వేస్తే ఇవి వస్తాయా? కనీసం పది రోజులైనా ఊరు చూపించకుండా పిల్లల్ని పెంచడం తప్పంటాను నేను. కాదనేవాళ్లు చెప్పండి.

తిండిపోతు:
పొద్దున్నే ముంజలు గుర్తుచేశారు. ఇప్పుడు డజను ఎంతుందండీ మీ దగ్గర?

లాకుమాష్టారు:
బాగా రాశారు. ఒక్క సందేహం. మే నెలలో కాలువలో నీళ్లెక్కడివి? నేను నీటిపారుదల శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతకొచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలి, గట్లు వెయ్యాలి, కాలువలో నీళ్లు ఆపి వదిలే లాకుల తలుపులు బాగుచెయ్యాలి, నీళ్లుంటే ఇవేవీ కుదరవు. జూన్‌లో ఖరీఫ్‌కి మళ్లీ వదులుతారు. కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకోమని ఊళ్లలో చెప్పించేవాళ్లం కూడా.

గోదారిగట్టు:
మాష్టారూ, నా పిల్లలు ఎక్కడ స్నానం చేశారో నాకు తెలీదా? విషయం కాలువ కాదు, బాల్యం.

ఇద్దరుద్యోగులం:
లెక్క నేను చెప్తాను. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులు. నాకు ఆఫీసులో ఏడాది మొత్తానికి 18 లీవులు, మా ఆయనకి 15. పిల్లాడికి జ్వరం వస్తే వాడుకునేవీ వాటిలోంచే. మా అత్తగారు మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉన్నారు, మా అమ్మ బెంగళూరులో అన్నయ్య దగ్గర. మీరు ఊరు అంటున్న చోట మా ఇంటికి తాళం ఉంది, వెనకాల పిచ్చిచెట్లు పెరిగి పాములు తిరుగుతున్నాయట. క్యాంపు కూడా పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకానే, ఆ తర్వాత పక్కింటావిడ పుణ్యం. బరువైపోయింది అని ఒక్క మాటతో తేల్చేశారు మీరు.

ఓరుగల్లు:
మా దిక్కు కాలువ లేదు, బావే. మా నాన్న నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి దూకమన్నాడు, మూడో రోజు ఆ బుర్ర విప్పి దూకమన్నాడు. నేను కూడా అట్లనే నేర్పిద్దామని మా బిడ్డని తీసుకపోతే బావి పూడ్చేసి ఉంది, అంతా బోర్లే. ఊరికి పోయినా ఆ ఊరు లేదన్నా.

డాలస్‌బాబాయ్:
ఇక్కడ బడులు మే ఆఖరుకి గానీ వదలరు. టికెట్లు చూసుకుని జూన్ రెండో వారానికి దిగేసరికి ముంజలు ముదిరిపోతాయి, బంగినపల్లి వెళ్లిపోతుంది, వానలు మొదలవుతాయి. మా పిల్లల దృష్టిలో అమ్మమ్మ ఊరంటే బురద, దోమలు.

వంటింటికిటికీ:
గోదారిగట్టు గారూ, రెండే ప్రశ్నలు. ఆ చద్దన్నం, ఆవకాయ పళ్లెంలోకి ఎవరు తెచ్చేవారు? మీరు ఆ సెలవుల్లో ఎన్ని రోజులు ఊళ్లో ఉండేవారు?

గోదారిగట్టు:
మా అమ్మ, మా ఆవిడ, మా తమ్ముడి భార్య, అందరూ కలిసి నవ్వుకుంటూ చేసుకునేవాళ్లు. ఉమ్మడి కుటుంబం ఆనందం అది. ఇప్పటివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

లాకుమాష్టారు:
కాలువ సంగతి తేల్చలేదు. మీ ఊరు ఏలూరు కాలువ కింద అయితే, గోదావరి నీళ్లు కాలువలోకి వదిలే విజ్జేశ్వరం దగ్గర మూసేస్తే మీ దాకా చుక్క రాదు.

గోదారిగట్టు:
మాష్టారూ మీకు ఒక దణ్ణం. కాలువ బదులు చెరువు అనుకోండి, సముద్రం అనుకోండి.

లాకుమాష్టారు:
అనుకోవడం కాదండీ. జరిగిందని మీరే రాశారు.

వంటింటికిటికీ:
రెండో ప్రశ్నకి జవాబు రాలేదు. సరే, నా సంగతి చెప్తాను. పదకొండు వేసవులు అత్తగారింట్లో చేశాను. పద్నాలుగు మంది. పొద్దున టిఫిను అయ్యేసరికి పది, పదకొండుకి మళ్లీ పొయ్యి. ఆ నడుమలోనే నూరు కాయల ఆవకాయ, టెంక చెక్క ఊడకుండా ముక్క కొట్టించుకోవడం, తడి లేకుండా తుడుచుకోవడం, ఆ చేతుల మంట రెండ్రోజులు. ఎండ బాగుందని గుమ్మడి వడియాలు, పిండి వడియాలు, మళ్లీ వాటికి కాకుల కాపలా. డాబా మీద పడకలు వేసేది నేనే, పొద్దున్నే చుట్టేది నేనే, చుక్కలు మాత్రం వేరేవాళ్లు లెక్కపెట్టుకున్నారు. ఆ ఏళ్ల ఫోటోలు నాలుగు ఆల్బములు ఉన్నాయి, నేను రెండింటిలో ఉన్నాను, ఒకదాంట్లో చెయ్యి వరకే.

2015 మేలో, ఆ ఎండలు అందరికీ గుర్తుండే ఉంటాయి, మా చిన్నవాడికి వడదెబ్బ తగిలింది. మూడేళ్లు వాడికి. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేశాడు. మధ్యాహ్నం రెండింటికి ఆటో దొరక్క ఒకాయన బండి మీద పట్నం తీసుకెళ్లాను, దారంతా తడిగుడ్డ వాడి తల మీద పెట్టుకుంటూ. మా ఆయన హైదరాబాదులో. శనివారం వచ్చారు, ఐస్‌క్రీం పెట్టె పట్టుకుని. మొన్న వాడు ఏమన్నాడో తెలుసా? ఊళ్లో నాన్నతో భలే ఉండేదమ్మా అన్నాడు.

ఇద్దరుద్యోగులం:
అక్కా 🙏

కొత్తపల్లికొబ్బరి:
ఏ ఇంట్లోనో ఒకాయన చేసిన దానికి మొత్తం ఊళ్లనే తిడితే ఎలా? మా అమ్మ అయితే వేసవి కోసం ఏడాదంతా ఎదురుచూసేది, మేం వెళ్తే ఆవిడకి పండగ.

వంటింటికిటికీ:
మీ అమ్మ చెప్పిందా ఆ మాట? అడిగారా ఎప్పుడైనా?

గోదారిగట్టు:
ఇదిగో, ఇలా ప్రతిదాన్నీ లెక్కలు కట్టబట్టే ఇళ్లు ఇలా తగలడ్డాయి. ఎవరెన్ని పడకలు వేశారు, ఎవరెన్ని ఫోటోల్లో ఉన్నారు! నేను 28 ఏళ్లు ఉద్యోగం చేసి సంపాదించింది ఎవరి కోసం? శనివారం రాత్రి గౌతమి రైలు ఎక్కి, చాలాసార్లు సీటు లేక తలుపు దగ్గర కూర్చుని, తెల్లారకముందే గూడెంలో దిగి, ఆదివారం రాత్రి మళ్లీ అదే బండి పట్టుకుని, సోమవారం ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. ఆ ఒక్క రోజూ పిల్లల కోసం కాదా?

వంటింటికిటికీ:
అంటే వారానికి ఒక రోజు. ఇది మొదటే చెప్పాల్సింది.

ఓరుగల్లు:
రైల్లో తలుపు దగ్గర కూర్చుని వచ్చిన మనిషిని అట్ల అనకండి అక్కా.

వంటింటికిటికీ:
ఆయన్ని అనట్లేదు తమ్ముడూ. అలసిపోయి వచ్చిన మనిషే, కాదనను. కానీ ఆ ఒక్క రోజు చూసి 49 రోజుల గురించి తీర్పు చెప్తున్నారు, పైగా క్యాంపులో వేసిన తల్లులకి.

తిండిపోతు:
ముంజల రేటు ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు:
సరే, మనసులో ఉన్నది చెప్పేస్తాను. నేను రిటైరై రెండేళ్లయింది, ఊళ్లోనే ఉంటున్నాను, ఇల్లు బాగుచేయించాను, డాబాకి సున్నం వేయించాను. మనవడికి ఐదేళ్లు. ఈ వేసవికి పంపమని జనవరి నుంచి చెప్తున్నాను. మా అమ్మాయి మొన్న చల్లగా చెప్పింది, క్యాంపులో డబ్బు కట్టేశాం నాన్నా అని. ఆ కోపంతోనే ఇక్కడ రాశాను. చెట్టు మీద మూడు గెలలు చూసి పెట్టుకున్నాను వాడి కోసం.

ఇద్దరుద్యోగులం:
అది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదండీ. ఎందుకు పంపట్లేదో అడిగారా?

గోదారిగట్టు (మర్నాడు):
రాత్రి ఫోన్ చేశాను. ముందు కాలువ సంగతే అడిగాను, మాష్టారి పుణ్యమా అని రెండు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది. మా అమ్మాయి నవ్వింది. కాలువ ఏంటి నాన్నా, మేం ఆడింది చేలో బోరు తొట్టిలో, బాబాయి తీసుకెళ్లేవాడు, కాలువ తాతయ్యతో నువ్వు వెళ్లింది, రాత్రి పడుకోబెట్టేటప్పుడు మాకు చెప్పేవాడివి కదా అంది. ఆదివారం వచ్చి మధ్యాహ్నం దాకా పడుకునేవాడివట. ముంజకాయ బండి మాత్రం నువ్వే చేశావు అంది, ఒక్కసారి. నేను ప్రతి ఏడూ చేశాననుకున్నాను.

పిల్లాణ్ణి ఎందుకు పంపవంటే, అమ్మకి నడుం నొప్పి, పొద్దున లేచి వంగలేకపోతోంది, నీకు చెప్పదు, నాకు చెప్తుంది అంది. వాడు వస్తే వాడికి అన్నం ఎవరు పెడతారు, నువ్వు వండుతావా అని అడిగింది. మా ఆవిడ పక్క గదిలోనే ఉంది. నేను ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లిపోయాను.

వంటింటికిటికీ:
ఏం చెప్పారు మరి?

గోదారిగట్టు:
ఇంకా ఏమీ చెప్పలేదు. కుక్కర్ పెట్టడం వచ్చు. పోపు దగ్గరే ఆగిపోయాను.

వంటింటికిటికీ:
ముందు ఆవాలు చిటపటలాడనివ్వండి. ఆ తర్వాతే జీలకర్ర. లేకపోతే మాడుతుంది.

లాకుమాష్టారు:
మీ చిన్నప్పుడు కూడా మేలో కాలువ కట్టే ఉంటుందండీ. కాకపోతే కట్టేశాక లాకుల కింద మడుగులు మిగిలేవి, పిల్లలు వాటిల్లో దిగి చేపలు పట్టేవాళ్లు. మీ నాన్నగారు తీసుకెళ్లింది అక్కడికే అయ్యుంటుంది. మీ ఊరు ఏ లాకు కింద?