ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కి వస్తోంది: సెప్టెంబరులో ఇలాంటి పెద్ద ఆటలు ఇక మానుకోవాలా?

ఆస్టిన్_నారింజ:
లాంగ్‌హార్న్స్ (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) అభిమానులకు నమస్కారం. గ్రూపుల్లో ముక్కలు ముక్కలుగా నడుస్తున్న గొడవను ఒకచోట మాట్లాడుకుందామని పెడుతున్నా. వేరే జట్ల వాళ్లూ రావచ్చు.

2025 సీజన్‌ను అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకుల్లో నంబర్ 1గా మొదలుపెట్టాం. ముగిసేసరికి 9-3 (తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు), జట్లను ఎంచే కమిటీ జాబితాలో 13వ స్థానం, జాతీయ చాంపియన్‌ను తేల్చే 12 జట్ల ప్లేఆఫ్ బయట. డల్లాస్‌లో మనం 23-6తో ఓడించిన ఓక్లహోమా లోపలికి వెళ్లింది. అప్పటిదాకా 11-0తో ఉండి, థాంక్స్‌గివింగ్ మర్నాడు మన చేతిలో 27-17తో ఓడిన టెక్సస్ ఏ అండ్ ఎం కూడా లోపలే. ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడాం చూడండి, అది లేకపోతే మనది 10-2. కోచ్ సార్కిసియన్ కూడా ఇదే వాదించాడు: అంత గట్టి జట్టుతో ఆడినందుకు మాకు శిక్ష పడుతోందని.

ఈ ఏడాది సెప్టెంబర్ 12న అదే ఒహాయో స్టేట్ మన దగ్గరికి వస్తోంది. పైగా మన కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) అయిన ఎస్ఈసీలో ఎనిమిది కాన్ఫరెన్స్ ఆటలు పోయి తొమ్మిది అయ్యాయి. "ఇంత భారం మనకెందుకు, ఇలాంటి ఒప్పందాలు రద్దు చేసుకుందాం" అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. మీ మాట చెప్పండి.

ఫ్రిస్కో_అన్న:
రద్దు చేసుకోమనే నా మాట. కోపంతో కాదు, లెక్క చూసే చెబుతున్నా.

2025లో ఇండియానా కాన్ఫరెన్స్ బయట ఎవరితో ఆడింది? ఓల్డ్ డొమినియన్, కెనెసా స్టేట్, ఇండియానా స్టేట్. మూడూ సొంత మైదానంలోనే. చివరికి 16-0తో జాతీయ చాంపియన్. వాళ్ల గొప్పతనాన్ని తక్కువ చేయడం లేదు, అలబామాను 38-3తో, ఓరెగాన్‌ను 56-22తో కొట్టిన జట్టది. కానీ సెప్టెంబరులో తేలికైన ఆటలు ఆడినందుకు వాళ్లకు నష్టమేమీ రాలేదు కదా.

ఇటు నోటర్ డేమ్‌ను చూడండి. మొదటి రెండు ఆటల్లో మయామీ చేతిలో 3 పాయింట్లతో, ఏ అండ్ ఎం చేతిలో 1 పాయింటుతో ఓడారు. ఆ తర్వాత వరసగా పది గెలిచారు. అయినా బయటే! ఓడించిన రెండు జట్లూ ప్లేఆఫ్‌కు వెళ్లాయి. కలిపి 4 పాయింట్ల తేడా మొత్తం సీజన్‌ను మింగేసింది. ఏ అథ్లెటిక్ డైరెక్టరైనా దీన్ని చూసి ఏం నేర్చుకుంటాడు?

ఎస్ఈసీ తొమ్మిది ఆటలతో పాటు పెద్ద కాన్ఫరెన్సుల నుంచి గానీ నోటర్ డేమ్‌తో గానీ ఇంకొక ఆట తప్పనిసరి అంటోంది. సరే, ఆడదాం. అందులోనూ మధ్యస్థంగా ఉండే జట్టును తెచ్చుకోవచ్చు.

నార్మన్_పాతకాపు:
సూనర్ల (ఓక్లహోమా) వైపు నుంచి వచ్చాను, ఏమీ అనుకోకండి. అన్నగారి లెక్కలో ఒక ముఖ్యమైన ఆట తప్పిపోయింది. మిమ్మల్ని బయటపెట్టింది కొలంబస్ కాదు, గేన్స్‌విల్. అక్కడ 4-8తో ముగించిన ఫ్లోరిడా చేతిలో 29-21తో ఓడారు. జార్జియా చేతిలో 35-10. కెంటకీ మీద, మిసిసిపి స్టేట్ మీద ఓవర్‌టైమ్ దాకా వెళ్లి బయటపడ్డారు. కమిటీ ముందున్న కాగితంలో ఇవన్నీ ఉన్నాయి.

మేం సెప్టెంబరులో మిషిగన్‌ను మా ఊరికి పిలిచి 24-13తో గెలిచాం. డిసెంబరులో మా పేరు చర్చకు వచ్చినప్పుడు ఆ గెలుపు మాకు పనికొచ్చింది. అలాంటి ఆటలు మానేస్తే ఓటమితో పాటు ఈ లాభమూ పోతుంది.

ఆస్టిన్_నారింజ:
గేన్స్‌విల్ ఓటమికి సాకు చెప్పను. ఆ రోజు మన అఫెన్సివ్ లైన్ (ముందు నిలబడి అడ్డుకునేవాళ్లు) బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్‌కు ఊపిరి తీసుకునే వీలు ఇవ్వలేకపోయింది. కానీ ఒక మాట. అలబామా మొదటి వారంలోనే ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-17తో ఓడింది. ఆ ఫ్లోరిడా స్టేట్ 5-7తో ముగించింది. మొత్తం మూడు ఓటములతో అలబామా లోపలికి వెళ్లింది. మూడోది కాన్ఫరెన్స్ ఫైనల్లో వచ్చిందని దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అంటే చెడ్డ ఓటమి ఒకరికి క్షమించదగ్గది, ఇంకొకరికి కాదు. నన్ను బాధపెట్టేది అదే.

2023ను కూడా గుర్తు చేసుకోండి. టస్కలూసా వెళ్లి అలబామాను 34-24తో ఓడించాం. డిసెంబరులో నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో మన స్థానానికి పునాది ఆ సెప్టెంబరు గెలుపే. 13-0తో ఉన్న ఫ్లోరిడా స్టేట్ బయట ఉండిపోయింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ గాయమూ ఒక కారణం అనుకోండి.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు కాలేజీ మారే పద్ధతి) వచ్చాక సెప్టెంబరు జట్టు, నవంబరు జట్టు ఒకటి కావు. జనవరిలో వేరే కాలేజీ నుంచి వచ్చినవాళ్లు, నిన్నటిదాకా హైస్కూల్లో ఉన్నవాళ్లు కలిసి ఒక జట్టుగా కుదురుకోవడానికి నాలుగైదు ఆటలు పడతాయి. కొలంబస్‌లో ఫోర్త్ అండ్ గోల్ (గోల్ లైన్ దగ్గర చివరి ప్రయత్నం) మీద ఒక్క గజం దాటలేక ఆగిన జట్టు, నవంబరులో ఏ అండ్ ఎంను పడగొట్టిన జట్టు కాగితం మీదే ఒకటి. ఆట పెట్టుకున్నవాళ్లది కాదు తప్పు, రెంటినీ ఒకే తూకంలో వేసే కమిటీది.

కైల్‌ఫీల్డ్_ఆగీ:
మా ఏ అండ్ ఎం ఓటమిని ఇన్నిసార్లు తలుస్తుంటే రాకుండా ఉండలేకపోయాను. ఆ రోజు మీరు బాగా ఆడారు, గెలుపు మీకు దక్కాల్సిందే.

నేను చెప్పేది ఆటలు రద్దు చేసుకునేవాళ్ల కోసం. 2012లో మేం ఎస్ఈసీకి వెళ్లాం. 2011 థాంక్స్‌గివింగ్ రాత్రి మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో జస్టిన్ టకర్ చివరి ఫీల్డ్ గోల్‌తో 27-25తో మీరు గెలిచారు. ఆ తర్వాత 2024 నవంబర్ 30 దాకా మన రెండు జట్లూ ఎదురుపడలేదు. నేను చదువుకున్న కాలమంతా ఆ ఖాళీలోనే గడిచింది. సీనియర్లు "టెక్సస్ ఆట" గురించి చెబుతుంటే వినడమే తప్ప ఒక్కసారీ చూడలేదు. 2024లో 17-7తో మేమే ఓడాం. అయినా ఆ రాత్రి స్టేడియంలో ఉన్నందుకు ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను.

1926లో మొదలైన యూఎస్‌సీ, నోటర్ డేమ్ పోటీ కూడా 2025 తర్వాత ఆగిపోయింది. ఆపడానికి ఒక్క సంతకం చాలు. తిరిగి తెచ్చుకోవడానికి మనకు 13 ఏళ్లు పట్టింది.

డల్లాస్_అక్క:
డబ్బు సంగతి నేను చెబుతాను, మా ఇంట్లో సీజన్ టికెట్ల చెక్కు రాసేది నేనే కాబట్టి.

2021 దాకా ఆటగాడు తన పేరు మీద ఒక్క డాలరు తీసుకున్నా ఆట నుంచి తప్పించేవాళ్లు. స్టేడియాలు నిండేవి, టీవీ ఒప్పందాలు పెరిగేవి, కోచ్‌ల జీతాలూ పెరిగేవి. మోకాలు విరగ్గొట్టుకున్న కుర్రాడికి మాత్రం ఏమీ లేదు. అది అన్యాయం, పోయింది, మంచిదైంది. 2025 జూన్‌లో హౌస్ కేసు (ఆటగాళ్లు తమ వాటా కోసం వేసిన దావా) ఒప్పందానికి జడ్జి ఆమోదం తెలిపాక పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ప్రతి కాలేజీ మొదటి ఏడాదిలో 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. "డబ్బు వచ్చి ఆట చెడింది" అనేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలావరకు ఫుట్‌బాల్ నుంచే. స్విమ్మింగ్, ట్రాక్ లాంటివి కూడా దీని ఆదాయం మీదే నడుస్తున్నాయి. ఫ్రిస్కో తమ్ముడూ, నీ లెక్క ప్రకారం పెద్ద జట్లన్నీ తీసేస్తే నేను సెప్టెంబరు ఎండలో మూడున్నర గంటలు ఇంటర్‌స్టేట్ 35 మీద కారు నడుపుకుంటూ ఎవర్ని చూడటానికి రావాలి? 2025లో ఆస్టిన్‌లో మనం ఆడిన నాన్ కాన్ఫరెన్స్ జట్లు శాన్ హోసే స్టేట్, యూటెప్, శామ్ హ్యూస్టన్. శామ్ హ్యూస్టన్ మీద 55-0. ఆ కుర్రాళ్లనూ మనవాళ్లనూ గౌరవిస్తూనే అంటున్నా, ఆ ఆట ఎవరికీ ఏమీ నేర్పలేదు. నాలాంటివాళ్లు టికెట్లు వదులుకుంటే ఆటగాళ్లకు పంచేది తగ్గుతుంది, ఆ తర్వాత పోర్టల్‌లో మంచివాళ్లు వేరే చోటుకి వెళ్తారు.

స్పీడ్‌వే_విద్యార్థి:
ప్రస్తుతం ఇక్కడే చదువుతున్నాను. అక్క చెప్పింది నిజం. శామ్ హ్యూస్టన్ ఆటకు హాఫ్‌టైమ్ అయ్యాక విద్యార్థుల వైపు పలచబడిపోయింది. ఒహాయో స్టేట్ ఆటకు టికెట్ దొరుకుతుందా అని మా లాబ్‌లో ఇప్పటినుంచే అడుగుతున్నారు, క్రికెట్ తప్ప ఏదీ చూడని మా రూమ్మేట్లు కూడా.

జట్టు గురించి: మ్యానింగ్ ఉన్నాడు, ఆబర్న్ నుంచి రిసీవర్ కామ్ కోల్‌మన్ వచ్చాడు, డిఫెన్స్‌కు కోచ్‌గా మళ్లీ విల్ మస్చాంప్. సీజన్ చివరి ఆట సిట్రస్ బౌల్‌లో మిషిగన్‌ను 41-27తో కొట్టిన ఊపు ఉంది. నా భయమంతా అఫెన్సివ్ లైన్ మీదే. అది నిలబడితే ఒహాయో స్టేట్‌ను గెలుస్తాం.

ఫ్రిస్కో_అన్న:
అక్కా, మీరు చెప్పిన టికెట్ల సంగతి కొట్టిపారేయలేను. కానీ ప్లేఆఫ్ ఆట మన ఊళ్లో జరిగితే వచ్చే ఆదాయమూ చూడండి. 2024 డిసెంబరులో క్లెమ్సన్ ఆస్టిన్‌కి వచ్చినప్పుడు అక్కడ ఉన్నాను. అలాంటి రోజు చేజారితే డబ్బూ పోతుంది, కుర్రాళ్ల కలా పోతుంది. ఈసారి కూడా 12 జట్లకే చోటు. ఓక్లహోమా, ఏ అండ్ ఎం, ఆర్కన్సాస్ ప్రతి ఏడాదీ తప్పవు. ఒహాయో స్టేట్ ఆట జరగనివ్వండి, ఇప్పుడు వెనక్కి పోవడం మర్యాద కాదు. 2027లో మిషిగన్ వస్తోంది, అదీ సరే. 2028, 2029 నోటర్ డేమ్ ఒప్పందం మాత్రం మళ్లీ కూర్చుని చూడాలని నేను ఇప్పటికీ అంటాను.

ఆస్టిన్_నారింజ:
అన్నా, ఒహాయో స్టేట్, మిషిగన్ దాకా వచ్చారు, ఆ రెండేళ్లకు మన మధ్య తగాదా లేదు. నోటర్ డేమ్ దగ్గర నేను ఒప్పుకోను. ఆ ఒప్పందం తెంచితే కమిటీ గెలిచినట్టే.

2025లో కమిటీ ప్రత్యర్థి బలాన్ని చూసే కొత్త కొలమానం ఒకటి తెచ్చింది. గట్టి జట్టు చేతిలో ఓడితే నష్టం తగ్గుతుందన్నారు. మన విషయంలో ఎంత తగ్గించారో ఎవరూ చెప్పలేదు. మొదటి వారం ఆడకముందే ఆ తూకం బయటపెట్టాలి. ఎస్ఈసీ కమిషనర్, మన అథ్లెటిక్ డైరెక్టర్ గట్టిగా అడగాల్సింది ఇదే. దీని మీద మన యూనివర్సిటీకి ఒక ఉత్తరం రాస్తున్నాను. సంతకం పెట్టాలనుకునే సీజన్ టికెట్ వాళ్లు, పాత విద్యార్థులు ఇక్కడే చెప్పండి. ఆగీలు (ఏ అండ్ ఎం వాళ్లు), సూనర్లు కూడా పెడితే ఇంకా మంచిది.