‘జాతి వివక్ష’లో వివక్ష ఎవరిది?

బసవనగుడి: మిత్రులారా, బెంగళూరులోని మా తెలుగు సంఘం పత్రికకు ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. 2017 ఏప్రిల్‌లో బీజేపీ నాయకుడు తరుణ్ విజయ్ ఒక టీవీ చర్చలో, మాకు జాతి ద్వేషమే ఉంటే దక్షిణాది వాళ్ళతో ఎలా కలిసి బతుకుతాం, మా చుట్టూ నల్లవాళ్ళు ఉన్నారు కదా అన్న ధోరణిలో మాట్లాడిన సంగతి అందులో వస్తుంది. దానిని ‘జాత్యహంకార వ్యాఖ్య’ అని రాశాను. రాస్తుండగా గురజాడవారి ‘లవణరాజు కల’లోని చరణమొకటి గుర్తుకొచ్చి వదలడం లేదు: ‘మలిన చిత్తుల కధిక కులముల నెలవొసగిన వర్ణధర్మ మధర్మ ధర్మంబే’. ఈ ‘వర్ణ’ శబ్దంలో చర్మపు రంగును కూడా ధ్వనింపజేస్తూ దీనిని శీర్షికగా పెట్టుకోవచ్చునా? చదువుతుంటే మధ్యలో ఎక్కడో కుంటుతున్నట్టు కూడా ఉంది.

మల్లేశ్వరం: కుంటక ఏం చేస్తుంది, మీరు ఒక సున్నను మింగేశారు. అది ‘నెలవొసంగిన’. ముత్యాలసరం ఛందస్సులో మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలుగా, అంటే ఉచ్చారణ కాలపు కొలతలుగా, నడక సాగాలి. ‘నెలవొ’ మూడు, ‘సంగిన’ నాలుగు. మీరు రాసిన ‘సగిన’ మూడు దగ్గరే ఆగిపోతుంది. ఇక వర్ణమంటారా, అక్కడున్నది చాతుర్వర్ణ్యమే తప్ప రంగు కాదు, కాబట్టి శీర్షిక కుదరదు.

యలహంక: సున్న విషయంలో మల్లేశ్వరం వారితో పేచీ లేదు. అసలు చిక్కు ‘ధర్మంబే’ చివరి ఏకారంలో ఉంది. దానిని అవధారణగా, అంటే నొక్కి చెప్పడంగా, తీసుకుంటే ‘వర్ణధర్మం అధర్మమనే ధర్మమే’ అవుతుంది. ప్రశ్నగా తీసుకుంటే ‘అధర్మం, అదీ ఒక ధర్మమా’ అని నిలదీసినట్టవుతుంది. నేను ప్రశ్న పక్షం. నిలదీసే గొంతు లేకపోతే ఆ తరువాత వచ్చే ‘మంచి యన్నది మాలయైతే’ అన్న మాటకు అంత ఊపు రాదు.

మల్లేశ్వరం: అవధారణే. ఊపు మాట వచ్చింది గనుక అడుగుతున్నాను, ఆ చరణం చివర మీరు ‘మాల నేనగుదున్’ అంటారా, ‘మాల నేనౌదున్’ అంటారా? ‘నేనగుదున్’, ‘నేనౌదున్’ రెండూ ఆరేసి మాత్రలే కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు.

కృష్ణరాజపురం: అయ్యా, బసవనగుడి వారు అడిగినది వేరు. నా అభ్యంతరం ‘జాత్యహంకారం’ మీదే. మన పక్కింటి కన్నడిగుడికి ‘జాతి’ అంటే కులం. మనం జాతి అనేదానిని వారు ‘జనాంగ’ అంటారు, ఇలాంటి మాటను ‘జనాంగీయ నిందనె’ అంటారు. అహంకారం అన్నవాడి లోపల ఉండేది, నింద పడ్డవాడికి తగిలేది. పత్రికలో రాయవలసినది తగిలిన దెబ్బను గురించి కనుక ‘జాతి నింద’ అనండి. చెన్నైలో పెరిగినవాణ్ణి కనుక మరొక మాట చేరుస్తాను: తమిళంలో ‘ఇనవెఱి’ అంటారు, ఆ వెఱి మన వెఱ్ఱికి తోబుట్టువు.

జయనగర్: ‘జాతి వివక్ష’ను అందరూ వదిలేశారేమిటి? సంస్కృతంలో వివక్ష అంటే తేడా చూపడం కాదు. వచ్ ధాతువుకు సన్నంత రూపం, అంటే చెప్పాలనే కోరిక, వక్త మనసులోని ఉద్దేశం. కన్నడిగులు మన వివక్షకు ‘తారతమ్య’ అంటారు. చిత్రమేమిటంటే, తరుణ్ విజయ్ తరువాత క్షమాపణ చెబుతూ, తాను అనదలచినదానికి భిన్నంగా అన్నానని భావించినవారికే ఆ క్షమాపణ అన్నారు. అంటే పాత అర్థంలో వివక్షను ముందుకు తెచ్చి కొత్త అర్థంలో వివక్ష నుంచి బయటపడాలని చూశారు. ఇంత పనికివచ్చే మాటను చేతిలో పెట్టుకుని ‘అహంకారం’ దాకా ఎందుకు పోవడం?

మల్లేశ్వరం: చిన్న సవరణ. ఆయన అప్పటికే రాజ్యసభకు మాజీ సభ్యుడు, కాబట్టి వ్యాసంలో ‘ఎంపీ’ అని రాసి ఉంటే దిద్దుకోండి.

జయనగర్: దిద్దుకోవలసిందే. పదవిలో ఉన్నవారి ఉదాహరణే కావాలంటే 2019 జూలై 16 ఉంది. నలుగురు మహిళా సభ్యులను మీ మీ దేశాలకు వెళ్ళిపొండి అన్న ట్రంప్ మాటలను అమెరికా ప్రతినిధుల సభ 240–187 ఓట్లతో ఖండించింది. ఆ నలుగురిలో ముగ్గురు అమెరికాలోనే పుట్టారు. సభ ఆయన ఉద్దేశాన్ని తవ్వుతూ కూర్చోలేదు, అన్న మాటకే పేరు పెట్టింది. అది అహంకారానికి పెట్టిన పేరు కాదు, మాటకు పెట్టిన పేరు.

కృష్ణరాజపురం: అంటే నా ‘నింద’కే వచ్చారన్నమాట.

జయనగర్: రాలేదు. నిందలో కారణం కనబడదు. దొంగ అన్నా నిందే, నల్లవాడు అన్నా నిందే.

బసవనగుడి: రేపు పత్రిక అచ్చుకు వెళుతోంది. చరణంలో సున్న చేర్చి, శీర్షికగా మాత్రం వాడుకోకుండా వదిలేశాను. ‘ఎంపీ’ ముందు ‘మాజీ’ చేర్చాను. ‘జాత్యహంకారం’ కింద పెన్సిలు గీత ఇంకా అలాగే ఉంది, పక్కన జాతి నింద, జాతి వివక్ష రెండూ రాసి రెండూ కొట్టేశాను.

యలహంక: అదంతా బాగానే ఉంది గానీ, ఏకారం ప్రశ్నార్థకమన్న నా మాటకు ‘అవధారణే’ అన్న ఒక్క ముక్క తప్ప ఎవరూ కారణం చెప్పలేదు.