మట్టాంచేరి జ్యూ టౌన్ గైడెడ్ వాక్: ఇది వారసత్వం చూపించడమా, వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళ ముందు నిలబెట్టి డబ్బులు తీసుకోవడమా?

కృష్ణాతీరం:
మొన్న డిసెంబర్లో అమ్మానాన్నలతో కొచ్చి వెళ్ళాం. మట్టాంచేరిలో జ్యూ టౌన్ (పాత యూదుల వీధి, చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు) వాక్ అని రెండు గంటల టూర్ బుక్ చేశాను, ముగ్గురికీ కలిపి బాగానే అయ్యింది, డబ్బులు పోయాయని కాదు నా బాధ. గైడ్ మమ్మల్ని సినగాగ్ లేన్ మొదట్లో ఆపి ఒక ఇంటి కిటికీ వైపు చెయ్యి చూపించి ఇక్కడి యూదుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు, లక్ బాగుంటే కనిపిస్తారు అన్నాడు. వెంటనే మా గ్రూప్‌లో ఇద్దరు ఫోన్లు తీసి ఆ కిటికీని జూమ్ చేశారు. లోపల కర్టెన్ కదిలింది, ఎవరో రెండు కొసలూ దగ్గరికి లాగి మూసేశారు. ఆ ఇంట్లో ఉన్నది యూదులో కాదో కూడా మాకు తెలీదు, ఎవరైతేనేం, వాళ్ళిల్లు అది. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని పద పద అంది, నాకైతే ఆ మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు.

తర్వాత 1568లో కట్టిన పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) లోపల పది నిమిషాలు, ఇవి చైనా టైల్స్ ఇవి బెల్జియం దీపాలు అని చెప్పి బయటికి తెచ్చి, యాంటిక్ షాపుల్లో నలభై నిమిషాలు తిప్పాడు. నా ఉద్దేశంలో ఇలాంటి గ్రూప్ వాక్‌లు ఆపెయ్యాలి. చూడాలనుకున్నవాళ్ళు టికెట్ కొనుక్కుని ఎవరికి వాళ్ళు నిశ్శబ్దంగా చూసి వస్తారు. మీరేమంటారు?

పాతరాళ్ళు:
ఆ కిటికీ సంగతి చదివితే నాకూ మనసు చివుక్కుమంది అండీ, అది ఆ గైడ్ తప్పే, కానీ దానికి వాక్‌లే వద్దంటే నేను ఒప్పుకోను. నేను 2017లో వెళ్ళాను, అప్పటికి అక్కడి యూదుల్లో పెద్దావిడ సారా కోహెన్ గారు ఉన్నారు, అదే వీధిలో ఎంబ్రాయిడరీ కొట్టు ఆవిడది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉండేది, మా గైడ్ ముందు తను లోపలికి వెళ్ళి అడిగి, ఆవిడ సరే అన్నాకే మమ్మల్ని రమ్మన్నాడు, అదీ నలుగురేసి చొప్పున. షబ్బత్ (యూదుల వారపు విశ్రాంతి రోజు, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం) రొట్టె మీద కప్పే గుడ్డ ఒకటి చూపించారు, తెల్లటి బట్ట మీద హీబ్రూ అక్షరాలు దారంతో కుట్టి ఉన్నాయి, వెనక్కి తిప్పి చూస్తే ఒక్క ముడి కనపడలేదు. 2019లో 96 ఏళ్ళ వయసులో పోయారు ఆవిడ. చివరి రోజుల్లో ఆవిడనీ కొట్టునీ చూసుకున్నది ఒక ముస్లిం కుటుంబం, ఆవిడ పోయాక కూడా ఆ కొట్టుని వాళ్ళే నిలబెట్టారు. ఈ సంగతి నాకు ఏ బోర్డు మీదా కనపడలేదు, పక్కన నడుస్తూ మనిషి చెబితేనే తెలిసింది.

ఇంకోటి, జనం రాని కట్టడం ఎన్నాళ్ళు నిలబడుతుంది చెప్పండి. సినగాగ్ పక్కనే 18వ శతాబ్దంలో కట్టించిన ఆ క్లాక్ టవర్ని చూశారు కదా, ఒకవైపు హీబ్రూ అంకెలు, ఇంకోవైపు మలయాళం అంకెలు, అది ఎన్నో ఏళ్ళు పాడుబడి ఉంటే బయటి సంస్థలు డబ్బు పెట్టి బాగుచేయించాయి. చూడ్డానికి వచ్చేవాళ్ళు లేకపోతే ఆ డబ్బు ఎవరు పెడతారు?

సీమబాటసారి:
ఇద్దరూ బాగా చెప్పారు గానీ మీ ఇద్దరి మాటలూ ఆ ఒక్క సినగాగ్ గుమ్మం దాటలేదు, నాకు అసలు అభ్యంతరం అక్కడే. పరదేశి అంటే ఏంటి? మన భాషలోనూ ఉన్న మాటే, బయటి దేశం నుంచి వచ్చినవాడు అని. స్పెయిన్ వైపు నుంచి తరిమేస్తే 16వ శతాబ్దంలో వచ్చినవాళ్ళు, ఆ తర్వాత ఇంకా వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న గుడి అది. వాళ్ళకంటే కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచి అక్కడ మలబారు యూదులు ఉన్నారు. వాళ్ళ పెద్ద జోసెఫ్ రబ్బాన్‌కి చేర రాజు భాస్కర రవివర్మ ఇచ్చిన రాగి రేకుల శాసనాలే సుమారు 1000వ సంవత్సరం నాటివి. చెందమంగళం సినగాగ్ ముందు సారా అనే ఆవిడ సమాధి రాయి ఉంది, దానిమీద ఏడాది 1269. ఇవన్నీ వదిలేసి నీలం టైల్స్ చూపించి జ్యూయిష్ హెరిటేజ్ అయిపోయింది అంటే ఎట్లా?

అసలు చెప్పాల్సిన ముక్క ఇంకోటుంది, అది టైల్స్ మీదే నిలబడి చెప్పాలి. పరదేశి యూదుల దగ్గర ఒకప్పుడు బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ళ సంతతిని ఆ సినగాగ్‌లో అందరితో సమానంగా కూర్చోనిచ్చేవాళ్ళు కాదు, బయటి గదిలో కిందే వాళ్ళ చోటు. ఆ కుటుంబాల్లోంచి వచ్చిన ఎ.బి. సాలెం అనే లాయర్, 1882లో పుట్టిన మనిషి, దాని మీద సినగాగ్‌లోనే గాంధీ పద్ధతిలో సత్యాగ్రహం చేశాడు, అందుకే యూదుల గాంధీ అని పేరు వచ్చింది ఆయనకి. నేను వెళ్ళినప్పుడు గైడ్ పరదేశి వాళ్ళు తెల్ల యూదులు, మలబారు వాళ్ళు నల్ల యూదులు అని ఒక్క వాక్యం చెప్పి నవ్వేసి ముందుకు పోయాడు. నాకు మా ఊరి టీ కొట్టు గుర్తొచ్చింది, చూరుకి వేలాడదీసిన వేరే గ్లాసులు, మా తాత తాగి కడిగి మళ్ళీ అక్కడే బోర్లించి వచ్చేవాడు. ఆ వాకిట్లో నిలబడి ఉన్న నాకు సాలెం కథ ఎంత కావాలో ఆ గైడ్‌కి తెలీదు.

కాబట్టి వాక్ ఉండాలి అనే వాళ్ళలో నేనూ ఉన్నా. కాకపోతే అదే రోడ్డు పట్టుకుని ఇంకాస్త ముందుకు నడిపించాలి. అక్కడ కడవుంభాగం సినగాగ్ ఉండేది, కడవు అంటే మలయాళంలో రేవు, రేవు వైపు వాళ్ళ గుడి అన్నమాట, 16వ శతాబ్దపు కట్టడం. 1950లలో వాళ్ళంతా ఇజ్రాయెల్ వెళ్ళిపోయాక అది గోదాం అయ్యింది, చివరికి 2019లో వానలకి దాని ముందువైపు గోడ కూలిపోయింది. ఇప్పుడు ఆ గోడల ముందు టూరిస్టుని నిలబెట్టే గైడ్ ఎంతమంది ఉన్నారు?

పాతరాళ్ళు:
సీమ గారూ సాలెం విషయంలో మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తున్నాను, అది చెప్పకపోవడం తప్పే. కానీ రెండు గంటల్లో, ఎండలో, చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న గ్రూప్‌ని కూలిన గోడ దాకా నడిపించడం అందరికీ కుదరదు. మొదటిసారి వచ్చినవాడికి ముందు ఆ టైల్స్ చూసి ఆశ్చర్యపోయే హక్కు ఉంది, ఆ ఆశ్చర్యంలోంచే మిగతాది అడుగుతాడు. నేనూ అలాగే మొదలయ్యాను.

సీమబాటసారి:
అడుగుతాడు సరే, అడిగితే చెప్పేవాడు ఉండాలి కదన్నా.

ఇందూరుపోరి:
అందరికీ నమస్తే. నేను జెరూసలేంల కేర్‌గివర్‌గ పనిచేస్తున్న, మాది నిజామాబాద్ దిక్కు. ఎప్పుడూ చదువుడే గాని రాయలె, కడవుంభాగం పేరు చూసినంక ఆగలేకపోయిన. మీరు చెప్పే సినగాగ్ లోపలి భాగం ఈడ ఉన్నది. ఇజ్రాయెల్ మ్యూజియంల. కట్టె పైకప్పు, లోపలి చెక్కపని అంతా విప్పి తెచ్చి ఈడ మళ్ళ కూర్చిండ్రు, 1990లల్ల. మా సాఫ్తాని, అంటే నేను చూసుకునే అమ్మమ్మని, వీల్‌చైర్ల కూసోబెట్టి తీస్కపోయిన. ఒక్కొక్క గది ఒక్కొక్క దేశం సినగాగ్, ఇటలీది ఉన్నది, జర్మనీది ఉన్నది, కొచ్చిది చూడంగనే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. పైన ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగు, తామరపూలు చెక్కిండ్రు, అచ్చం మన గుళ్ళ మండపం కప్పు లెక్క. పైన ఆడోళ్ళు కూసునే కాడ, వాళ్ళ ముంగటనే, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చదివేతందుకు ఇంకో పీట ఉన్నది, గది నడుమల ఉండేది కాక ఇది రెండోది. ఇట్ల రెండు పీటలు కేరళ సినగాగుల్లనే ఉంటయట. ఆడోళ్ళ దగ్గరికే చదువు వచ్చినట్టు అనిపించింది నాకు.

నేను చెప్పేది ఏందంటే, ఈడ కప్పు ఉన్నది, ఆడ గోడలు ఉన్నయ్. ఈడ చూసేటోళ్ళకు ఆ వీధి తెల్వదు, శొంఠి వాసన తెల్వదు, పక్కనే రాజు ప్యాలెస్, గుడి ఉన్నయని తెల్వదు. ఆడ నడిచేటోళ్ళకు ఈ కప్పు తెల్వదు. ఆ కూలిన గోడ ముంగట నిలబడి గైడ్ ఫోన్ల ఈ కప్పు ఫోటో చూపిస్తే అయిపాయె, పెద్ద పనా? కృష్ణాతీరం అన్నా, వాక్ బంద్ చెయ్యాలె అనకుండ్రి. పోయినోళ్ళ పిల్లలు ఈడికెల్లి కొచ్చికి పోయి తాతల ఇండ్లు ఎతుక్కుంటరు, వాళ్ళకు గూడ తోవ చూపేటోడు కావాలె.

చేబ్రోలువాసి:
మాది గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనే. ఇక్కడ కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు, చిన్న సినగాగ్ కట్టుకుని ముప్పై ఏళ్ళు దాటింది. అప్పుడప్పుడూ ఎవరెవరో కార్లలో వచ్చి ఫోటోలు తీసుకుని పోతుంటారు. కృష్ణాతీరం గారి కిటికీ కథ చదివాక అనిపించింది ఇది, కొచ్చిలో వెళ్ళిపోయినవాళ్ళ సంగతి, ఇక్కడ ఉన్నవాళ్ళు పొలం పనికి పోయి సాయంత్రం ఇంటికొచ్చే మనుషులు. రేపు ఎవరైనా ఆంధ్రా జ్యూయిష్ టూర్ అని మొదలుపెడితే ముందు వాళ్ళని అడగాలి, ఏ రోజు రావచ్చో ఏది చూపించాలో వాళ్ళే చెప్పాలి, వచ్చే డబ్బులో భాగం వాళ్ళకి పోవాలి. అలా కుదరకపోతే టూర్ వద్దు. నా మాట అంతే.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్స్ అండీ. ఇందూరు చెల్లీ, నువ్వు రాసింది అమ్మకి చదివి వినిపించాను, రెండోసారి కూడా చదవమంది. వాక్‌లు ఆపెయ్యాలి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కిటికీ విషయంలో మాత్రం తగ్గను. ఇంట్లో మనిషి ఉన్నప్పుడు ఆ ఇంటి వైపు వేలు చూపించే గైడ్‌తో వచ్చేసారి ఒక్క అడుగు కూడా వెయ్యను, అక్కడికక్కడే చెప్పి వచ్చేస్తాను. పోయినసారి చెప్పలేదు, ఆ కర్టెన్ లాగిన చెయ్యి ఇంకా కళ్ళలో ఉంది.

మార్చిలో ఆఫీసు పని మీద మళ్ళీ కొచ్చి వెళ్తున్నా, ఒక రోజు ఖాళీ ఉంటుంది. సాలెం కథ, కడవుంభాగం గోడలు, ఇంకా ఏం చూడాలో సీమ గారు ఒక దారి చెప్పండి.

సీమబాటసారి:
శుక్రవారం మధ్యాహ్నం, శనివారం పెట్టుకోవద్దు, పరదేశి సినగాగ్ మూసేస్తారు. పొద్దున్నే మట్టాంచేరి వెళ్ళండి, గ్రూపులు రాకముందు. సినగాగ్ లోపల నడిమధ్యన ఇత్తడి కమ్మీల పీఠం ఉంటుంది, అది చూసి వెనక్కి తిరిగి మీరు వచ్చిన ఆ బయటి గదిలో ఒక్క నిమిషం నిలబడండి, సాలెం వాళ్ళకి ఇచ్చిన చోటు అది. అక్కణ్ణించి కడవుంభాగం గోడల దాకా నడిచి, తర్వాత పడవ ఎక్కి ఎర్నాకుళం రండి. అక్కడ మార్కెట్ వైపు ఇంకో కడవుంభాగం ఉంది, అదే పేరు, బయటికి అక్వేరియం చేపలూ పూలమొక్కలూ అమ్మే షాపులా ఉంటుంది. ఆ షాపు చూసుకునేది మలబారు యూదుల పెద్దాయనే, అన్నేళ్ళు ఆ సినగాగ్‌ని కాపాడుకుంటూ వచ్చారు. ముందు పలకరించి, చూడొచ్చా అని అడగండి. సరే అంటే గాజుతొట్ల మధ్యలోంచి వెనక్కి నడిచి తలుపు దాటితే సినగాగ్. కుదరదంటే ఒక మొక్క కొనుక్కుని వచ్చేయండి.

కృష్ణాతీరం:
అలాగేనండీ. అమ్మ కూడా వస్తానంటోంది, ఇద్దరికీ టికెట్ చేస్తున్నా.