హూలిగన్, అల్ట్రాస్, సపోర్టర్: ముగ్గురికీ ‘అల్లరిమూక’ ఒక్కటేనా?

హనుమకొండ నుంచి (ప్రశ్న)
కాలేజీ గోడపత్రిక కోసం ఫుట్‌బాల్ మాటల పట్టిక తయారవుతున్నది. ఆటగాళ్ల మాటలతోని ఇబ్బంది లేదు. గోల్, పెనాల్టీ, ఆఫ్‌సైడ్ అట్లనే ఉంచినం. చిక్కంతా చూసేటోళ్ల దగ్గర వచ్చింది. మన పత్రికలల్ల సపోర్టర్, అల్ట్రాస్, హూలిగన్ ముగ్గురూ ఒకరోజు ‘అభిమానులు’, ఇంకోరోజు ‘అల్లరిమూక’. స్టేడియంల పానం పోతే ‘తొక్కిసలాట’. వేరే మాటలున్నయా?

కరీంనగర్ నుంచి
ఉన్నయి. ముందు ముగ్గురి పనులు వేరు చేయాలె, మాట తర్వాత.

సపోర్టర్ అంటే టికెట్ కొని, తన జట్టు వైపు కూర్చొని, గెలిచినా ఓడినా ఇంటికి పోయేటాయన. స్టేడియంల ఎక్కువమంది వీళ్లే. వీళ్లకు ‘అభిమాని’ చక్కగా సరిపోతది.

అల్ట్రాస్ ఇటలీల 1960ల చివర పుట్టిన పద్ధతి. మిలాన్ జట్టుకు 1968ల ఏర్పడ్డ గుంపు మొదటివాటిల్ల ఒకటి. వీళ్లు గోల్ వెనుక స్టాండ్ల ఒక్కచోట నిలబడుతరు, తొంభై నిమిషాలు పాట ఆపరు, జెండాలు, డోళ్లు, పెద్ద గుడ్డ బొమ్మలు తయారుచేసుకొని వస్తరు. వాళ్లల్ల కొట్లాటకు దిగే గుంపులున్నయి, అసలు దిగని గుంపులూ ఉన్నయి. అందుకే అల్ట్రాస్ అనంగనే రౌడీ అని రాస్తే తప్పు.

హూలిగన్ మాత్రం కొట్లాట కోసమే వచ్చేటోడు. ఆ మాట 1898ల లండన్ పత్రికల్లకు ఎక్కింది, అప్పటికి ఫుట్‌బాల్‌తోని సంబంధం లేదు, వీధి రౌడీలకు వాడిండ్రు. ఆటకు అంటుకున్నది 1960లల్ల.

అల్ట్రాస్‌కు నా సూచన ‘దండు’. కేరళ బ్లాస్టర్స్ వాళ్ల గుంపు పేరు మంజప్పడ, అంటే పసుపు సేన. పడ అన్నదానికి మన దండు సరిగ్గ కూర్చుంటది. పొగడ్త లేదు, తిట్టు లేదు.

జగిత్యాల నుంచి
దండు బాగుంది. కానీ ‘మూక’ను అంత తేలిగ్గా తిట్ల ఖాతాలో వేయొద్దు. పాత తెలుగులో మూక అంటే గుంపు, సేన కూడా. వానరమూక అంటే రాముడి పక్షాన నిలిచిన సేన, రౌడీలు కాదు. ముందు ‘అల్లరి’ తగిలించి తగిలించి మనమే దాన్ని పాడుచేశాం.

ఇటాలియన్‌లో అభిమానుల్ని తిఫోసీ అంటారు. వాళ్ల భాషలో తిఫో అంటే టైఫస్ జ్వరం కూడా. మనం ‘క్రికెట్ జ్వరం’ అంటున్నాం కదా, దగ్గరి ఊహే. స్టాండంతా పరచే పెద్ద బొమ్మకు కూడా ఇప్పుడు తిఫో అనే పేరు. ఆ ఊపుకు మన ప్రాంతంలో ‘శిగమూగుడు’ (పూనకంలో ఊగడం) ఉంది. పాటలో, చప్పుడులో మునిగినవాడికి వాడండి. కొట్టేవాడికి వాడకండి. శిగమూగేవాడు ఎవరినీ కొట్టడు.

జనగామ నుంచి
‘లొల్లి’ని మరిచిండ్రు. మన దగ్గర అది రెండు పనులు చేస్తది: చప్పుడూ లొల్లే, తగాదా కూడా లొల్లే. ‘స్టేడియంల అభిమానుల లొల్లి’ అని శీర్షిక పెడితే చదివెటోళ్లకు పాటలో తన్నులాటో తెల్వది. తేడా క్రియల దాగుంది, చూడుండ్రి:

లొల్లి చేసిండ్రు, లొల్లి పెట్టిండ్రు అంటే చప్పుడు.
వాళ్లతోని లొల్లి పెట్టుకున్నరు అంటే తగాదా.

‘తోని’, ‘పెట్టుకొను’ రెండూ కలిస్తేనే ఎదుటోడు వస్తడు. ఈ తేడా పట్టుకుంటే కొత్త మాట అక్కరలేదు. జర్మనీల డార్ట్‌మండ్ క్లబ్బు దక్షిణ స్టాండ్‌ల దాదాపు 25,000 మంది నిలబడి పాడుతరు. అది లొల్లి చేసుడే, లొల్లి పెట్టుకునుడు కాదు.

ఆ పాట తనంతట తానే లేవదు. కాపో అని ఒకాయన ఆటకు వీపు పెట్టి, మెగాఫోన్ పట్టుకొని జనం దిక్కే చూస్తడు. ఒక్క వరుస ఎత్తుకుంటడు, డోలు తాళం పట్టుకుంటది, స్టాండ్ అందుకుంటది. ఒగ్గుకథల కథకుడు ఒక మాటంటే వెనుకటోళ్లు వంత అందుకున్నట్టే. కాపోను ‘పాట ఎత్తేటాయన’ అనుండ్రి, జనం పాడేదాన్ని ‘వంత’ అనుండ్రి. డోలు దూరం ఎక్కువైతే చప్పుడు ఆలస్యంగా చేరుతది, స్టాండ్ ఒక మూలకు పాట వెనుకబడి రెండుగా చీలుతది. అందుకే పెద్ద స్టాండ్లల్ల డోలు మధ్యల ఉంచుతరు.

అట్టల బొమ్మకు ఇంకా తయారీ కావాలె. గళ్ల కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో సీటు లెక్క వేసి, ముందురోజు సీటు సీటుకు రంగు అట్ట అంటిస్తరు. ఆటగాళ్లు బయటికి వస్తుంటే ఒక్కసారిగా ఎత్తాలె. వచ్చిన మంది తమ సీట్లల్ల కూర్చోకపోయినా, గాలికి అట్టలు లేచినా బొమ్మకు తూట్లు పడతయి.

కాజీపేట నుంచి
అసలు బాధ ‘తొక్కిసలాట’తోనే. దయచేసి ఇది మొత్తం చదవండి.

తోపులాట, కొట్లాట, కుమ్ములాట, పెనుగులాట. ఈ వరుసలోని మాటల్లో ఒకరినొకరు చేసుకున్నారు అనే అర్థం అంతర్లీనంగా ఉంటుంది. తొక్కిసలాట అనగానే జనం జనాన్ని తొక్కారు అని తీర్పు అయిపోతుంది. వార్త రాసేవాడికి ఆ ఉద్దేశం లేకపోయినా వ్యాకరణం ఆ పని చేస్తుంది.

ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియం చూడండి. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సెమీఫైనల్. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లు 10,100, వాళ్లందరికీ టర్న్‌స్టైల్స్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేట్లు) 7. ఇప్పటి బ్రిటన్ స్టేడియం భద్రతా మార్గదర్శిక ‘గ్రీన్ గైడ్’ లెక్కలో ఒక టర్న్‌స్టైల్‌కు గంటకు 660 మందికి మించి లెక్కకట్టకూడదు. ఏడుకు 4,620. అంటే ఆ జనం లోపలికి రావడానికే రెండు గంటలు దాటుతుంది. బయట ఇరుకు పెరిగింది. 2:52కు పోలీసులు గేట్ సి తెరిచారు. జనం ఎదురుగా కనిపించిన సొరంగంలోంచి నేరుగా మధ్యలోని, కంచెలతో విడదీసిన 3, 4 అరల్లోకి వెళ్లారు. అవి అప్పటికే నిండి ఉన్నాయి, ముందు ఇనుప కంచె. పక్క అరల్లో చోటు ఉంది. సొరంగం మూసి జనాన్ని పక్కలకు మళ్లించాల్సింది, అది జరగలేదు. 3:06కు ఆట ఆపారు. మొత్తం 97 మంది పోయారు.

వాళ్లను ఎవరూ కింద పడేసి తొక్కలేదు. చాలామంది నిలబడే ఊపిరాడక పోయారు. గ్రీన్ గైడ్ నిలబడే చోట 10 చదరపు మీటర్లకు 47 మందికి మించనివ్వదు. చదరపు మీటరుకు ఆరేడుగురు దాటితే మనిషి తన ఇష్టంతో కదలలేడు. గుంపంతా ఒక్క ముద్దగా ఊగుతుంది, ఛాతీ వ్యాకోచించదు. వెనుక ఉన్నవాడికి ముందు ఏమవుతున్నదీ కనిపించదు. అతను వేసింది ఒక్క అడుగే, కానీ వరుస వరుసకూ బరువు కూడుతూ ముందు కంచె దగ్గరికి చేరుతుంది.

దీనికి తెలుగులో సరైన మాట నలగడం. నలుగు, నలుపు జంట చూడండి. ‘నలిపారు’ అంటే కర్త కావాలి, ‘నలిగిపోయారు’ అంటే అక్కర్లేదు. ‘జనం ఒత్తిడిలో నలిగి ఊపిరాడక 97 మంది మృతి’ అని రాస్తే కారణం తెలుస్తుంది, నింద ఎవరి మీదా పడదు. అక్కడ నింద పడింది. నాలుగు రోజులకే ఒక లండన్ పత్రిక మొదటి పేజీలో అభిమానుల మీద అబద్ధపు ఆరోపణలు అచ్చువేసింది. అదే ఏడు ఆగస్టులో విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ నివేదిక ప్రధాన కారణం పోలీసు నియంత్రణ వైఫల్యమే అన్నది. అయినా ఆ మచ్చ పూర్తిగా పోవడానికి 2016 దాకా పట్టింది. అప్పుడు జ్యూరీ ఈ మరణాలు చట్టవిరుద్ధమైనవని, అభిమానుల ప్రవర్తన కారణం కాదని తేల్చింది.

హనుమకొండ నుంచి
సార్, మరి అభిమానులే తప్పు చేసిన చోట? అక్కడ కూడ మెత్తటి మాటేనా?

మంచిర్యాల నుంచి
వద్దు. అక్కడ గట్టి మాటే వాడాలె. 1985 మే 29, బ్రస్సెల్స్‌ల హేసెల్ స్టేడియం. లివర్‌పూల్ వైపోళ్లు స్టాండ్‌ల మీదికి ఉరికిండ్రు, యువెంటస్ వైపు జనం వెనుకకు జరిగి గోడకు ఒత్తుకున్నరు, గోడ కూలింది. 39 మంది సచ్చిపోయిండ్రు, ఎక్కువ మంది ఇటలీ వాళ్లు. స్టేడియం పాతబడ్డది నిజమే, అయినా మొదలుపెట్టింది దాడి. ‘మూకదాడి’ అని నిర్భయంగ రాయొచ్చు. ఇంగ్లండ్ క్లబ్బులను యూరప్ పోటీలకు అయిదేళ్లు రానియ్యలేదు, లివర్‌పూల్‌ను ఆరేళ్లు.

బ్రిటన్ చట్టం కూడ ‘అల్లరి’ అని గుండుగుత్తగ అనదు. 1991 చట్టంల మూడు పనులు విడివిడిగ చెప్పింది: వస్తువులు విసురుడు, జాతి పేరున లేదా బూతుగ కేకలు వేసుడు, కారణం లేకుండ మైదానంలకు దిగుడు. మనమూ అట్లనే పని పేరు రాయాలె. ‘అభిమానుల వీరంగం’ కంటే ‘సీసాలు విసిరిన ప్రేక్షకులు’ నయం. మ్యాచ్‌లకు రాకుండ నిషేధ ఉత్తర్వు పడితే తక్కువల తక్కువ మూడేళ్లు, జైలుశిక్షతోని కలిస్తే పదేళ్ల దాకా. అది ఒక్కొక్కరి పేరు మీద ఉంటది, స్టాండ్ మొత్తం మీద కాదు.

కోల్‌కతాది వేరే తీరు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌ల ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట. స్టాండ్లల్ల కొట్లాట లేచింది, తప్పించుకునేందుకు జనం ఉరికిండ్రు, 16 మంది పోయిండ్రు. అక్కడ కొట్లాట, తొక్కిసలాట రెండు మాటలూ నిలబడతయి.

కాజీపేట నుంచి
ఒప్పుకుంటాను. కానీ ‘ఘర్షణ’ రాసేముందు స్టాండ్‌లో రెండో పక్షం ఉన్నదా అని చూడాలి. 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని కంజురుహాన్‌లో 135 మంది పోయారు. ఆ రోజు ఎదుటి జట్టు పెర్సెబాయా అభిమానులను స్టేడియానికే రానివ్వలేదు. ఓడిన అరెమా జట్టు వాళ్లే కొందరు మైదానంలోకి దిగారు. పోలీసులు స్టాండ్ల మీదికి కూడా బాష్పవాయువు వదిలారు, జనం ఇరుకు గేట్ల దగ్గర నలిగారు. స్టేడియంలో ఆ వాయువు వాడొద్దని ఫిఫా భద్రతా నియమాల్లోనే ఉంది. ‘ఇరుజట్ల అభిమానుల ఘర్షణ’ అంటే అబద్ధమవుతుంది.

జగిత్యాల నుంచి
‘ఆలస్యంగా వచ్చిన అభిమానులు’ అనేదాన్ని కూడా పట్టికలో హెచ్చరికగా చేర్చండి. 2022 మే 28న పారిస్ దగ్గర జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఆట ఆలస్యానికి తెర మీద చూపిన కారణం అదే. గేట్ల బయట గంటలకొద్దీ నిలబడినవాళ్ల మీద ‘వచ్చిన’ అనే ఒక్క విశేషణంతో తప్పు నెట్టారు. 2023 ఫిబ్రవరిలో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ తానే వేయించిన స్వతంత్ర విచారణ ప్రధాన బాధ్యత యూఈఎఫ్ఏదేనని చెప్పింది. ‘లోపలికి పంపడంలో ఆలస్యం’ అని రాస్తే సరిపోయేది.

హనుమకొండ నుంచి
పట్టికల మూడు గడులు పెడుతున్న: మాట, పని, ఎప్పుడు వాడొద్దు. అభిమాని, దండు, వంత, లొల్లి చేసుడు, లొల్లి పెట్టుకునుడు, నలుగుడు, మూకదాడి ఎక్కినయి. హూలిగన్‌కు ఇంకా ఖాళీ ఉన్నది. ‘కొట్లాటకోరు’ నడుస్తదా, జనగామ అక్కా?

జనగామ నుంచి
నడుస్తది. ఒక్కడికి వాడుండ్రి, బహువచనం పెట్టేముందు ఎంతమందో లెక్క అడుగుండ్రి.